కూనిరాగాలకూ ఓ పోపులపెట్టె

వంటింట్లో పుట్టే పాటకి ఆయుష్షు చాలా తక్కువండీ. కుక్కరు మూడో కూత కూసేలోపే పోతుంది. పప్పు మెదుపుతూ ఏదో కూనిరాగం తీస్తాం. అది ఎక్కడా విన్నది కాదు, ఏ సినిమాలోదీ కాదు, గొంతు దానంతటది ఒక మలుపు తిరిగింది, అంతే. "ఇదేదో బాగుందే" అనుకునేలోపు గ్యాసుబండ అబ్బాయి బెల్లు కొడతాడు. వాడికి డబ్బులిచ్చి వచ్చేసరికి ఆ మలుపు ఎటు పోయిందో తెలియదు. ఎంత వెతికినా దాని బదులు ఏదో పాత సినిమాపాట వచ్చి నాలుక మీద కూర్చుంటుంది.

"పోతే పోయిందిలే, మనమేమన్నా బాలమురళీకృష్ణలమా?" అంటారు మా అపార్టుమెంటులో ఆడవాళ్లు. ఈ మాట నాకు నచ్చదు. పెద్ద విద్వాంసుల వరుసలు దాచడానికి రేడియోలున్నాయి, కంపెనీలున్నాయి, శిష్యులున్నారు. మన వరుసలు దాచడానికి మనం తప్ప ఎవరూ లేరు. కాబట్టి దాచుకోవాల్సిన అవసరం వాళ్లకంటే మనకే ఎక్కువ.

నా అభిప్రాయం దాచకుండా ముందే చెప్పేస్తాను. పాడే అలవాటున్న ప్రతి ఆడమనిషీ తన గొంతులో అప్పటికప్పుడు పుట్టిన వరుసల్ని రికార్డు చేసుకోవాలి. చేసుకున్నవాటిని పోపులపెట్టెలో దినుసుల్లాగా దేనికది వేరుగా, చెయ్యి పెడితే దొరికేలా పెట్టుకోవాలి. మొదటి సగం ఇవాళ చిన్నపిల్లలు కూడా చేస్తున్నారు. రెండో సగం ఎవరూ చెయ్యడం లేదు. రెండోది లేకపోతే మొదటిదాని వల్ల ఒరిగేదేమీ లేదు.

మా అత్తగారి సంగతి చెబితే ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో మీకే తెలుస్తుంది.

ఆవిడ పుట్టిల్లు దివిసీమలో కోడూరు వైపు ఒక పల్లెటూరు. వాళ్లమ్మగారికి ఒక ట్రంకుపెట్టె నిండా పాటల పుస్తకాలుండేవట. మంగళహారతులు, జోలలు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆ ఇల్లు పోయింది, పెట్టె పోయింది. మనుషులు మాత్రం ఆ రాత్రి పక్కవాళ్ల డాబా ఎక్కి బతికారు. కాగితాలు పోయినా పాటలు పోలేదు, ఎందుకంటే అవి తల్లీకూతుళ్ల గొంతుల్లో ఉన్నాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లకి మా అత్తగారు గుర్తున్నవన్నీ ఒక పెద్ద రూళ్ల పుస్తకంలో తిరిగి రాశారు. అరవై పైచిలుకు పాటలు. ఆ పుస్తకం ఇప్పటికీ మా పూజగదిలో ఉంది.

పాత పాటల పుస్తకాలు మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటాయి. వాటిల్లో పాటకి పైన "ఫలానా పాట మట్టు" అనో "ఫలానా వరుస" అనో రాసి ఉంటుంది, చూశారా? అచ్చు పుస్తకాల్లోనూ అదే పద్ధతి. తెలిసిన పాట పేరు చెబితే ఈ కొత్త మాటల్ని ఆ వరుసలో పాడుకోమని అర్థం. చాలా తెలివైన పద్ధతి అది, స్వరం రాయడం రానివాళ్లు కనిపెట్టుకున్న నొటేషను. కాకపోతే ఒక చిక్కుంది. ఆ మొదటి పాట తెలిసినవాళ్లు పోతే దీని వరుసా పోతుంది. మా అత్తగారి పుస్తకంలో ఇంకో పెద్ద చిక్కు. కొన్ని పాటల మీద "అమ్మ వరుస" అని ఉంటుంది, కొన్నిటి మీద "పెద్దక్క వరుస" అని. పదకొండు పాటల మీద మాత్రం "సొంత వరుస" అని ఉంటుంది. అది ఎవరికి ఏం చెబుతుంది? ఆవిడ పాడితేనే తెలుస్తుంది.

ఇప్పుడావిడకి డెబ్బై ఆరేళ్లు. థైరాయిడ్ ఆపరేషను అయిన దగ్గర్నుంచీ పై స్థాయి అందడం లేదు. అంటే ఉప్పెననాటి కథ తిరగబడింది. అప్పుడు కాగితం పోయి గొంతు మిగిలింది. ఇప్పుడు కాగితం భద్రంగా ఉంది, గొంతు జారిపోతోంది. ఇప్పటికీ మాటలు ఒక్కటి మర్చిపోలేదావిడ.

బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఇలాంటిది చూసినప్పుడల్లా నాకు అన్నమయ్య గుర్తొస్తాడు. అన్నమయ్యవీ, ఆయన కొడుకూ మనవడివీ కలిపి సంకీర్తనలు రెండు వేలకు పైగా రాగిరేకుల మీద చెక్కించి కొండమీద భద్రం చేశారు. రాగి చెదపట్టదు, నీళ్లకి నానదు. అంత శ్రద్ధ తీసుకున్నారు. రేకుల మీద రాగం పేరు కూడా వేశారు. కానీ స్వరం వెయ్యలేదు. నాలుగైదు వందల ఏళ్ల తర్వాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారూ, ఆ తర్వాతివాళ్లూ వాటికి మళ్లీ వరుసలు కట్టాల్సి వచ్చింది. ఇవాళ మనం పాడుకునే అన్నమయ్య వరుసల్లో చాలా భాగం మన తాతల కాలంలోనూ తండ్రుల కాలంలోనూ పుట్టినవే. చాలా అందమైన వరుసలు, కాదనను. ఆయన నోటివెంట వచ్చిన వరుస ఏమిటన్నది మాత్రం రాగిరేకుకి కూడా తెలియదు.

మన మొవ్వ క్షేత్రయ్య సంగతి ఇంకా కష్టం. నాలుగు వేలకు పైగా పదాలు చెప్పాడని అనుకుంటారు. మిగిలినవి నాలుగు వందలలోపే. అవి కూడా పాడేవాళ్ల, ఆడేవాళ్ల ఇళ్లల్లో నోటి నుంచి నోటికి బతికాయి. ఆ నోళ్లు ఎక్కువభాగం ఆడవాళ్లవి అన్న సంగతి మనం గట్టిగా చెప్పుకోం ఎందుకో.

త్యాగయ్యగారి విషయంలో శిష్యులు మేలుకున్నారు. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ లాంటివాళ్లు గురువుగారు పాడుతుంటే రాసిపెట్టుకున్నారు. ఆ శిష్య పరంపరల్లో ఒకటి మన డెల్టాకి కూడా వచ్చింది తెలుసా? మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారి దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారిది మన పెదకళ్లేపల్లి. మా అత్తగారి ఊరికి ఎంతో దూరం కాదు. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, పంతులుగారి శిష్యుడు బాలమురళీకృష్ణ. మనిషి పక్కన మనిషి కూర్చుని నేర్చుకుంటే తంజావూరు పాట దివిసీమ దాకా, దివిసీమ నుంచి బెజవాడ దాకా నడిచొచ్చింది. అన్నట్టు, తిరుపతిలో అన్నమయ్య రేకుల మీద పనిచేసిన వేటూరి ప్రభాకర శాస్త్రిగారిదీ ఆ పెదకళ్లేపల్లే. ఆ ఊరి నీళ్లల్లోనే ఏదో దాచిపెట్టే గుణం ఉందేమో అంటారు మావారు.

అయితే రాసి దాచడం వేరు, సర్ది పెట్టడం వేరు. సర్దడం అంటే ఏమిటో చూడాలంటే సుబ్బరామ దీక్షితులుగారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" చూడాలి. 1904లో తమిళనాడులోని ఎట్టయాపురంలో అచ్చయింది, మన తెలుగు లిపిలో. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు రెండు వందలకు పైగా అందులో ఉన్నాయి. అందరూ ఆ పుస్తకాన్ని ఆ కీర్తనల కోసమే తలుచుకుంటారు. నాకు నచ్చిన సంగతి వేరే. పుస్తకమంతా 72 మేళాల వరసలో ఉంటుంది. ఒక్కొక్క రాగానికీ ముందు లక్షణం, తర్వాత గీతం, కీర్తనలు ఉంటాయి. చివర్లో చాలా రాగాలకి ఆయన తనే కట్టిన "సంచారి" ఒకటి ఉంటుంది. అంటే మాటల్లేకుండా ఆ రాగం ఎలా నడుస్తుందో, ఏ స్వరం దగ్గర ఆగుతుందో, ఎక్కడ మలుపు తిరుగుతుందో చూపించే స్వరాల నడకలు. గమకాలకి కూడా వేరువేరు గుర్తులు పెట్టారు. స్వరం ఊగాలా, జారాలా, నొక్కాలా అన్నది అక్షరం మీద గుర్తు చూస్తే తెలుస్తుంది.

అంటే ఆలాపనలో పుట్టి ఆలాపనలోనే పోయే ముక్కల్ని ఒక పెద్దాయన రాగానికింత చొప్పున విడివిడిగా అరల్లో పోసి పెట్టాడు. ఇంతకంటే గొప్ప పోపులపెట్టె నాకు తెలియదు. ఆ పుస్తకం వచ్చిన రెండేళ్లకి, 1906లో, ఆయన పోయారు. ఆ రెండేళ్ల సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది నాకు.

ఇక్కడ కొందరు అడ్డం పడతారు. "మనోధర్మం అంటేనే అప్పటికప్పుడు పుట్టేది కదా, దాన్ని ముందే దాచిపెట్టుకుని మళ్లీ వాడితే అది నిల్వపచ్చడి అవుతుంది కానీ మనోధర్మం ఎలా అవుతుంది?" అని. మా అమ్మాయి కూడా ఇదే మాట అంది. అది తొమ్మిదేళ్లుగా గాత్రం నేర్చుకుంటోంది, ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం.

దానికి నేను అవధానం సంగతి చెప్పాను. అవధానంలో పద్యం అక్కడికక్కడ పుట్టాలి, అందులో సందేహం లేదు. మరి తిరుపతి వేంకట కవులు తమ అవధాన పద్యాల్ని పోగుచేసి "శతావధానసారము" అని పుస్తకం ఎందుకు వేశారు? అప్పటికప్పుడు పుట్టినవే కదా, గాలికి వదిలెయ్యొచ్చు కదా? వదల్లేదు. మన బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పిన చెళ్లపిళ్లవారికి ఆశువు విలువా తెలుసు, అచ్చు విలువా తెలుసు. ఆశువుగా చెప్పేవాడి బుర్ర ఖాళీగా ఉండదు. అక్కడ వేల పద్యాల నడకలు ముందే ఊరి ఉంటాయి. అవి ఊరబట్టే అడగ్గానే కొత్తది వస్తుంది. కల్పనస్వరాలు వేసేవాళ్లదీ ఇదే కథ. ఏ రోజుకా రోజు కొత్తగా వేస్తున్నట్టే ఉంటుంది, కానీ కాంభోజిలో నాలుగు వందల సార్లు తిరిగిన దారులు ఆ గొంతుకి తెలుసు. మన పాత ముక్కని మనం మళ్లీ వింటే దాన్ని కాపీ కొట్టాలని లేదు, ఆ దారిలో ఇంకొంచెం ముందుకి వెళ్లొచ్చు. పాశ్చాత్యుల్లో బీథోవెన్ అంతటివాడు షికారుకెళ్లినా జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, తట్టిన ముక్కలన్నీ రాసుకునేవాడు. ఆ చిత్తు పుస్తకాల్ని పారెయ్యకుండా ఉంచుకున్నాడు కూడా.

బాలమురళిగారు చిన్న వయసులోనే 72 మేళకర్తల్లోనూ కీర్తనలు కట్టారు. "జనకరాగ కృతిమంజరి" పేరుతో 1952లో అవి పుస్తకంగా వచ్చాయి. మహతి, లవంగి లాంటి నాలుగే స్వరాల రాగాలు కూడా ఆయనవే. అవి ఆయనకి ఎలా తట్టాయో ఆయనకే తెలియాలి. కానీ తట్టినదానికి ఒక పేరు పెట్టి, స్వరాలు ఇవీ అని తేల్చి, ఒక కీర్తన కట్టి పెట్టారు కాబట్టి ఇవాళ ఇంకొకరు పాడగలుగుతున్నారు.

మా అమ్మాయి టీచరుగారు క్లాసులో ఫోను బయటికి తియ్యనివ్వరు. "ఫోను వింటుంది, నువ్వు వినవు" అంటారు. పిల్లలు విసుక్కుంటారు కానీ నేను ఆవిడ పక్షమే. రేడియోలో ఓలేటి వెంకటేశ్వర్లుగారు సంగీత శిక్షణ ఇచ్చిన రోజుల్లో పెన్సిలు పట్టుకుని రేడియో పక్కన కూర్చునేవారట మా అత్తగారు. మళ్లీ వినే వీలు లేదు కాబట్టి ఒళ్లంతా చెవులు చేసుకుని వినేవారట. ఆ వినికిడి ఇప్పటి పిల్లలకి లేదు. అందుకని మా అమ్మాయికి ఒక దారి చెప్పాను. క్లాసు అయ్యాక ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కునే ముందే, టీచరుగారి ఆలాపనలో ఏ ముక్క మనసులో నిలిచిందో అది నీ గొంతుతో పాడి రికార్డు చేసుకో అని. టీచరుగారి గొంతు వద్దు. నీకు నిలిచినంతే నీది. అందులో తేడా వచ్చినా ఫరవాలేదు, ఒక్కోసారి ఆ తేడాలోనే కొత్త వరుస ఉంటుంది.

చెప్పడం బాగానే ఉంది. ఆర్నెల్ల తర్వాత దాని ఫోను చూస్తే న్యూ రికార్డింగ్ 1 నుంచి న్యూ రికార్డింగ్ 214 దాకా ఉన్నాయి! మొన్న శ్రావణ శుక్రవారం హారతికి, కళ్యాణిలో ఎప్పుడో తను అల్లిన చిన్న వరుస కావాలని గంటన్నర వెతికింది. చివరికి 131లో దొరికింది, స్నేహితురాలితో హాస్టలు మెస్సు కూరల గురించి మాట్లాడుకున్న మాటల మధ్యలో. ఇంతలో హారతి కర్పూరం కొండెక్కింది.

అప్పటి నుంచీ ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇదే అందరూ పాటించాలని కాదు, ఎవరి వంటింటి అరలు వాళ్లవి.

పాడేముందు నోటితో చెప్పాలి. "ఇవాళ ఫలానా తేదీ, అయిదున్నర శ్రుతి, మోహనలా ఉంది, ఆది తాళం" అని. రాగం తెలియకపోతే "ఫలానా పాటలా మొదలై ఇంకెటో పోతోంది" అని చెప్పినా చాలు. మన అమ్మమ్మల మట్టు పద్ధతే అది. ఫోను పోయి ఫైలు పేరు మారిపోయినా ఈ మాట మాత్రం పాటతోనే ఉంటుంది. వెనకాల తంబురా యాప్ మోగుతుండాలి. ఇది చాలామంది చెయ్యరు. శ్రుతి లేకుండా పాడిన ముక్క నెల తర్వాత వింటే షడ్జమం ఎక్కడుందో మనకే తెలియదు, స పలికామో ప పలికామో తేలక బుర్ర బద్దలవుతుంది. తాళం తొడ మీద వినపడేలా వెయ్యాలి. నిమిషం దాటి పాడకూడదు. దాటితే మళ్లీ వినం, ఇది మనుషుల గుణం.

ఫైలు పేరులో ముందు అది దేనికో రాస్తాం. హారతి, జోల, ఆలాపన ముక్క, ఊరికే. ఆ తర్వాత రాగం, ఆ తర్వాత సంవత్సరం, నెల. రాగం పేరు ముందు పెట్టాలని మా అమ్మాయి పట్టుబట్టింది. పాడేవాళ్లకి అదే సుఖం కావచ్చు. నాకు మాత్రం పని ముందు. పెళ్లింట్లో అప్పగింతల పాట కావాలంటే అప్పగింతలు అని వెతుక్కుంటాం కానీ నాదనామక్రియ అని వెతుక్కోం కదా! చివరికి తన ఫోనులో తన పద్ధతి, నా ఫోనులో నా పద్ధతి అని రాజీపడ్డాం.

అన్నిటికంటే ముఖ్యం ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట. ఆ వారం ముక్కలన్నీ వినడం, సగం తీసెయ్యడం. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాలి. తీసెయ్యడానికి చెయ్యి రాదు మొదట్లో. కానీ అన్నీ ఉంచితే ఏదీ లేనట్టే. మిగిలినవాటిలో మరీ నచ్చినవి పుస్తకంలో స్వరంతో రాసుకోవాలి. పై స్థాయికి అక్షరం పైన చుక్క, కింది స్థాయికి కింద చుక్క, సాగదీస్తే ఒక కామా, ఇంకా సాగదీస్తే సెమికోలను. సరళీవరసలు నేర్చుకున్న ఎవరికైనా వచ్చే విద్యే. గమకం కాగితం మీద ఎక్కదు, అందుకు రికార్డు ఉంది. రికార్డు వింటే నడక ఒక్కోసారి తెలియదు, అందుకు కాగితం ఉంది. రెండూ కావాలి.

ఎక్కడ దాచాలన్నది ఇంకో ప్రశ్న. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్ని కూతురి ఇల్లు నడుముల్లోతు నీళ్లలో ఉంది. పోయిన మా పిన్ని పాడిన క్యాసెట్లు ఒక సంచెడు మంచం కింద ఉండేవి. నీళ్లు తీశాక వాటిని డాబా మీద వడియాల్లాగా ఎండబెట్టింది అది. రీలు అంటుకుపోయింది, ఒక్కటీ పలకలేదు. ఫ్రిజ్ పోయిందని ఏడవలేదు, మంచాలు పోయాయని ఏడవలేదు, ఆ సంచి దగ్గర కూలబడింది. ఫోను మాత్రం తక్కువా? మావారి పాత ఫోను రిపేరుకిస్తే షాపు కుర్రాడు అడగా పెట్టకుండా మొత్తం తుడిచేసి ఇచ్చాడు. మా అత్తగారివి ముప్ఫై ముక్కలదాకా అందులోనే ఉన్నాయి. అందుకని ఇప్పుడు ఫోనులో ఒకటి, గూగుల్ డ్రైవులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి. ఆ పెన్‌డ్రైవు హైదరాబాదులో మా ఆడపడుచు బీరువాలో ఉంది. కృష్ణకీ బుడమేరుకీ ఒకేసారి కోపం వచ్చినా అందని చోటు అని.

ఇంకో మాట. రికార్డు చెయ్యగానే స్టేటస్‌లో పెట్టడం, గ్రూపులో వెయ్యడం నాకు అసలు ఇష్టం లేదు. ఇది చాదస్తం అనుకున్నా సరే. సగం ఉడికిన కూర విస్తట్లో వడ్డిస్తామా? నలుగురికీ వినిపించాలన్న ధ్యాస వచ్చిందంటే ఫోను ముందు గొంతు బిగుసుకుంటుంది, తప్పు పాడతామేమోనని తెలిసిన దారిలోనే నడుస్తాం. ఎవరూ వినరన్న ధైర్యం ఉంటేనే గొంతు కొత్త మలుపు తిరుగుతుంది. మనలో చాలామంది పెళ్లయ్యాక పాట మానేసింది గొంతు పోయి కాదు, ముందుగదిలో ఎవరో వింటున్నారని. మొగుడో మామగారో "ఏంటా కూనిరాగాలు" అన్న ఒక్క మాటకి ఇరవై ఏళ్లు నోరు విప్పనివాళ్లు నాకు తెలుసు. వాళ్లకి ఈ ఫోను వరం. తలుపు వేసుకుని, ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపి, ఒక్క నిమిషం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పెద్దవాళ్లని రికార్డు చేసేటప్పుడు మాత్రం అనుమతి అడగాలి. దొంగచాటుగా ఫోను పక్కన పెట్టడం నాకు నచ్చదు. మా అత్తగారిని అడిగితే ఆవిడ చాలాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టారు. "నా గొంతు ఇలా అయిపోయాక తీసినవి ఎవరికీ పంపకండర్రా. వరుస తీసుకుని పిల్ల పాడితే, అది వినిపించుకోండి" అన్నారు. మొదట నాకు మనసు చివుక్కుమంది. ఆవిడ గొంతే కదా మాకు కావాల్సింది అనుకున్నాను. కానీ ఆలోచిస్తే ఆవిడ చెప్పినదాంట్లో న్యాయం ఉంది. ఆవిడ తన గొంతుని గోడకి దండ వేసిన ఫొటోలా చెయ్యొద్దంటున్నారు. పెట్టెలో దినుసులా వాడుకోమంటున్నారు.

ఇంకో తమాషా ఏమిటంటే ఆవిడ "సొంత వరుస" ఒకటి కాదు. ఏ శుక్రవారానికా శుక్రవారం ఆ పాటే వేరేగా పాడతారు. "మొన్న ఇలా పాడలేదుగా అత్తయ్యా" అంటే "ఇవాళ గొంతు అలా తిరిగిందమ్మా, నేనేం చెయ్యను" అంటారు. వీటిల్లో అసలుది ఏది అని మా అమ్మాయి తేల్చబోయింది. తేల్చొద్దన్నాను. త్యాగయ్యగారి కీర్తనలే ఒక్కో శిష్య పరంపరలో ఒక్కోలా ఉంటాయి. మనకెందుకు ఆ తీర్పులు? ఒకటో తిరుగు, రెండో తిరుగు, మూడో తిరుగు అని పేర్లు పెట్టి అన్నీ ఉంచాం. ఇది ఒక్కటే నా ఏరివేత సూత్రానికి మినహాయింపు. మన ముక్కలు సగం పారెయ్యొచ్చు. ఆవిడవి ఒక్కటీ పారెయ్యను.

ఇప్పటికి పదకొండిట్లో ఎనిమిది వరుసలు స్వరంతో సహా పుస్తకంలోకి ఎక్కాయి. తొమ్మిదోది ఇబ్బంది పెడుతోంది. అది లక్ష్మీదేవి హారతి. చివరి చరణం దగ్గర పాట పైకి ఎక్కుతుంది. అక్కడికొచ్చేసరికి ఆవిడ గొంతు ఆగిపోతుంది, చెయ్యి పైకెత్తి "అదిగో, అంత ఎత్తుకి" అని చూపిస్తారు. ఆ ఎత్తు ఏ స్వరమో చెయ్యి చెప్పదు కదా. పోయిన శుక్రవారం మా అమ్మాయి దాన్ని మూడు రకాలుగా పాడి వినిపించింది. మొదటిదానికి తల అడ్డంగా ఊపారు. రెండోదానికి "అది సినిమాపాట" అన్నారు. మూడోది విని కాసేపు కళ్లు మూసుకుని, "దగ్గర్లోకొచ్చావు, ఇంకొంచెం ఆగి ఎక్కాలి" అన్నారు.

ఆ మూడూ పేర్లతో సహా పెట్టెలో ఉన్నాయి. వచ్చే శుక్రవారం ఇంకొంచెం ఆగి ఎక్కి చూస్తానంటోంది పిల్ల.